పాత కంప్యూటర్లలో బ్రౌజర్ స్తంభించుటకు కారణాలు – వరద కాలంలో పాటించవలసిన జాగ్రత్తలు
తెరపై కనిపించే నీటిమట్టం ఏ సమయానిదో చూసుకోవడం తప్పనిసరి

భద్రాచలం: గోదావరి నీటిమట్టం భద్రాచలం వద్ద 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు చేరినప్పుడు రెండవ ప్రమాద హెచ్చరిక, 53 అడుగులకు చేరినప్పుడు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేయబడుతుంది. మొదటి హెచ్చరికకూ మూడవ హెచ్చరికకూ మధ్య ఉన్న వ్యత్యాసం పది అడుగులు మాత్రమే. లోతట్టు గ్రామాల ప్రజలను తరలించడం, రహదారులపై రాకపోకలను నియంత్రించడం, పునరావాస కేంద్రాలను సిద్ధం చేయడం వంటి నిర్ణయాలన్నీ ఈ పది అడుగుల లోపలనే జరగవలసి ఉంటుంది. ఒకప్పుడు వైర్‌లెస్ సెట్ ద్వారాను, టెలిఫోన్ ద్వారాను చేరిన ఈ సమాచారం నేడు అధికభాగం వెబ్ పేజీల ద్వారా అధికారులకు, పాత్రికేయులకు చేరుతున్నది.

అయితే ఆ పేజీని తెరిచే కంప్యూటర్ పాతదై, అందులోని ఆపరేటింగ్ సిస్టమ్ కాలం చెల్లినదైతే రెండు రకాల ఇబ్బందులు ఎదురవుతాయి. మొదటిది, బ్రౌజర్ హఠాత్తుగా మూతపడటం. రెండవది, మూతపడకుండానే స్తంభించిపోవడం. సాధారణంగా మొదటిదానిపైనే ఫిర్యాదులు వస్తాయి. నిజానికి రెండవదే అధిక ప్రమాదకరం. మూతపడిన బ్రౌజర్ కంటికి కనిపిస్తుంది, సిబ్బంది వెంటనే మరల తెరుస్తారు. స్తంభించిన పేజీ మాత్రం మూడు గంటల క్రితపు నీటిమట్టాన్ని ఇప్పటి నీటిమట్టంగా చూపుతూ నిశ్చలంగా ఉండిపోతుంది. నది పెరుగుతూనే ఉంటుంది, తెరపై అంకె మాత్రం మారదు. ఈ స్థితి ఏ విధంగా ఏర్పడుతుంది, దానిని ఏ విధంగా గుర్తించాలి, ఎంతవరకు నివారించవచ్చు అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తున్నది.

భద్రాచలంలో ఈ అంశానికి గల ప్రాధాన్యం

భద్రాచలం వద్ద 1986 ఆగస్టు 16న గోదావరి 75.6 అడుగులకు చేరింది. 1990 ఆగస్టులో 70.8 అడుగులు, 2022 జూలై 16న 71.3 అడుగులు నమోదయ్యాయి. 1986 నాటికి ప్రపంచంలో వెబ్ అన్నదే లేదు. 2022 నాటికి ఏ కొత్త అంకె వెలువడినా నిమిషాలలో వందల తెరలపైకి చేరే పరిస్థితి ఏర్పడింది. ఆ సంవత్సరం 1965లో ప్రారంభమైన గోదావరి వంతెనపై సైతం రాకపోకలను నిలిపివేయవలసి వచ్చింది. అటువంటి సమయంలో ఒక అంకె ఆలస్యంగా తెలియడానికీ, సకాలంలో తెలియడానికీ మధ్య గల తేడా ఎంతటిదో వేరుగా చెప్పనవసరం లేదు.

2014లో రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ అనంతరం భద్రాచలం పట్టణం తెలంగాణలో కొనసాగగా, పూర్వపు ఖమ్మం జిల్లాకు చెందిన కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ఫలితంగా భద్రాచలం నీటిమట్టాన్ని ఎగువన ఒక రాష్ట్రం అధికారులు, దిగువన మరొక రాష్ట్రం అధికారులు ఏకకాలంలో గమనించవలసి ఉన్నది. కూనవరం వద్ద శబరి నది గోదావరిలో కలుస్తున్నందున దిగువ మండలాలకు ఈ అంకె మరింత ముఖ్యమైనది.

వరదలు లేని రోజుల్లోనూ ఈ సమస్యకు ప్రాధాన్యం ఉన్నది. ఏజెన్సీ గ్రామాల నుండి కుల, ఆదాయ ధ్రువపత్రాల కొరకు వచ్చే గిరిజనులకు 2011లో ప్రారంభమైన మీసేవ వంటి సేవలు బ్రౌజర్ ద్వారానే అందుతాయి. దరఖాస్తు సగం నింపిన తరువాత బ్రౌజర్ మూతపడితే సిబ్బందికి పది నిమిషాల పని పెరుగుతుంది. చర్ల, దుమ్ముగూడెం మండలాల లోపలి గ్రామాల నుండి వచ్చిన వారికి మాత్రం చివరి బస్సు తప్పిపోతుంది, మరుసటి రోజు కూలి కూడా పోతుంది.

మెమరీ అనగా నేమి?

కంప్యూటర్‌లో ర్యామ్ అనబడే మెమరీని కార్యాలయంలోని బల్లతోను, హార్డ్ డిస్క్‌ను గోడ ప్రక్కనున్న బీరువాతోను పోల్చవచ్చు. చూస్తున్న ఫైళ్లు బల్లపై ఉంటాయి. బల్ల నిండినప్పుడు కొన్ని ఫైళ్లను బీరువాలో పెట్టి, అవసరమైనప్పుడు మరల తీయవలసి ఉంటుంది. విండోస్‌లో ఈ పనికి పేజ్ ఫైల్ అని పేరు. అయితే ఇక్కడ బీరువా బల్లకు ప్రక్కనే లేదు. ర్యామ్ నుండి సమాచారం తీయడానికి సెకనులో కోటవ వంతు పట్టే చోట, పాత తిరుగుడు హార్డ్ డిస్క్ నుండి తీయడానికి సెకనులో నూరవ వంతు పడుతుంది. అనగా సుమారు లక్ష రెట్లు ఆలస్యం. కార్యాలయాల్లో ‘సిస్టమ్ హ్యాంగ్ అయింది’ అని చెప్పుకునే స్థితి అధికభాగం ఇదే. కంప్యూటర్ ఆగిపోలేదు, బల్లకూ బీరువాకూ మధ్య తిరుగుతూనే ఉన్నది. డిస్క్ దీపం ఆగకుండా వెలుగుతూ ఉంటే కారణం ఇదేనని భావించవచ్చు.

2001 అక్టోబరు 25న విడుదలైన విండోస్ ఎక్స్‌పీకి కనీస అవసరంగా పేర్కొన్న మెమరీ 64 ఎంబీ, సిఫారసు చేసినది 128 ఎంబీ. నేటి ప్రమాణాల్లో ఇది ఒక్క వెబ్ పేజీకి కూడా చాలకపోవచ్చు. 2010 చివరిలో ప్రపంచవ్యాప్తంగా మధ్యస్థ వెబ్ పేజీ పరిమాణం అర మెగాబైటుకు లోపు ఉండగా, 2022 నాటికి అది 2 మెగాబైట్లను దాటింది. పైగా ఇది నెట్ ద్వారా వచ్చే పరిమాణం మాత్రమే. మెమరీలో అది విస్తరించుకునే తీరు వేరు.

ఇందుకు ఛాయాచిత్రం మంచి ఉదాహరణ. పాత్రికేయులు పంపే వరద దృశ్యం 4,000 చుక్కల వెడల్పు, 3,000 చుక్కల ఎత్తు గలదై ఉండి, ఫైలుగా 3 ఎంబీ ఉన్నదనుకుందాం. దానిని తెరపై చూపుటకు బ్రౌజర్ ఆ చిత్రాన్ని విప్పవలసి ఉంటుంది. ఒక్కో చుక్కకు 4 బైట్లు చొప్పున కోటి ఇరవై లక్షల చుక్కలకు 4 కోట్ల 80 లక్షల బైట్లు, అనగా సుమారు 48 ఎంబీ అవసరమవుతుంది. 512 ఎంబీ ర్యామ్ గల యంత్రంలో అటువంటి చిత్రాలు పది ఒకే పేజీలో ఉంటే ఏమి జరుగుతుందో ఊహించవచ్చు. చిత్రాన్ని తెరపై చిన్నదిగా చూపినప్పటికీ భారం తగ్గుతుందన్న హామీ లేదు. వెబ్‌సైట్‌లో ఉంచడానికి ముందే చిత్రాన్ని చిన్నది చేయడం ఒక్కటే సరైన మార్గం. ఈ విషయంలో బాధ్యత చూసేవారిది కాదు, పేజీని తయారుచేసేవారిది.

ర్యామ్ పెంచినా తీరని కొరత

పాత యంత్రానికి అదనపు ర్యామ్ అమర్చినప్పటికీ సమస్య పూర్తిగా తొలగదు. 32 బిట్ విండోస్‌లో ఒక్కో ప్రోగ్రామ్ సాధారణంగా 2 జీబీ మేరకు మాత్రమే మెమరీ చిరునామాలను ఉపయోగించగలదు. మొత్తం వ్యవస్థకు గల పరిమితి 4 జీబీ. ఇందులో కొంత భాగం గ్రాఫిక్స్ కార్డు తదితర పరికరాలకు పోవడం వల్ల, 4 జీబీ అమర్చిన యంత్రం కూడా 3 నుండి 3.5 జీబీ మాత్రమే చూపడం పరిపాటి. దుకాణదారుడు మోసగించాడని అనుకున్న వారు అనేకులు. అది మోసం కాదు, లెక్క.

దీనికి తోడు ముక్కలయ్యే సమస్య ఉన్నది. శ్రీరామనవమి నాడు మిథిలా స్టేడియంలో కల్యాణం తిలకించుటకు వచ్చిన ఒక కుటుంబానికి ఒకే వరుసలో పది స్థానాలు కావాలనుకుందాం. స్టేడియంలో అక్కడొకటి, ఇక్కడొకటిగా యాభై స్థానాలు ఖాళీగా ఉన్నప్పటికీ ఆ కుటుంబానికి చోటు లేనట్లే. బ్రౌజర్ గంటల తరబడి పేజీలు తెరుస్తూ, మూస్తూ ఉండగా మెమరీ కూడా ఇదే విధంగా ముక్కలవుతుంది. అందువల్లనే టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఖాళీ కనిపిస్తుండగానే బ్రౌజర్ మూతపడుతున్నది.

మెమరీతో సంబంధం లేని మరొక పరిమితిని కూడా ప్రస్తావించవలసి ఉన్నది. గీతలు, అక్షరాలు, చిత్రాలు తెరపై వేయుటకు ఉపయోగించే జీడీఐ వస్తువులు విండోస్‌లో ఒక ప్రోగ్రామ్‌కు సాధారణంగా 10,000 మాత్రమే అనుమతించబడతాయి. ఆ సంఖ్య దాటినప్పుడు మెనూలు నల్లగా మారడం, బటన్లు మాయమవడం వంటి వింతలు కనిపిస్తాయి. వైరస్ సోకిందని భావించి యంత్రాన్ని మొత్తం ఫార్మాట్ చేయడానికి ముందు బ్రౌజర్‌ను ఒకసారి మూసి తెరిచి చూడటం మంచిది.

లీకేజీ ఎక్కడ?

వాడిన మెమరీని ప్రోగ్రామ్ తిరిగి ఇవ్వకపోవడాన్ని మెమరీ లీక్ అంటారు. 2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. పేజీలోని అంశాలను ఒక వ్యవస్థ, వాటిని నడిపే స్క్రిప్టును మరొక వ్యవస్థ లెక్కపెట్టేవి. పేజీలోని బటన్ స్క్రిప్టును పట్టుకుని, స్క్రిప్టు అదే బటన్‌ను పట్టుకుని ఉన్నప్పుడు ఎదుటిది ఇంకా వాడుకలో ఉన్నదని రెండూ భావించేవి. ఇద్దరు గుమాస్తాలు ఒకే ఫైలును చెరొక అంచు పట్టుకుని, ఎదుటివారు వదిలితే తాను వదులుతానని కూర్చున్నట్లుగా ఉండేది ఆ స్థితి. పేజీ మారినా ఆ మెమరీ తిరిగి వచ్చేది కాదు, బ్రౌజర్ మొత్తాన్ని మూయవలసి వచ్చేది. అనేక ప్రభుత్వ వెబ్‌సైట్లు ఇదే బ్రౌజర్‌ను దృష్టిలో ఉంచుకుని తయారైనందున కార్యాలయాలు దానిని చాలాకాలం వదలలేకపోయాయి.

2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 విడుదలైంది. తరువాతి సంవత్సరాల్లో దానిపైనా అధిక మెమరీ వినియోగం గురించి విమర్శలు వచ్చాయి. 2008 జూన్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 3లో పైన చెప్పిన పరస్పర పట్టును గుర్తించి విడిపించే ఏర్పాటు, మెమరీ ముక్కలు కాకుండా చూసే కొత్త కేటాయింపు పద్ధతి ప్రవేశపెట్టబడ్డాయి. 2011లో మొజిల్లా సంస్థ మెమ్‌ష్రింక్ పేరిట ప్రత్యేక కృషి చేపట్టింది. అదే సంవత్సరం సెప్టెంబరులో విడుదలైన ఫైర్‌ఫాక్స్ 7లో మెమరీ వినియోగం సాధారణంగా 20 నుండి 30 శాతం తగ్గినట్లు ఆ సంస్థ ప్రకటించింది. బ్రౌజర్ కంటే దానికి జోడించిన యాడ్-ఆన్‌లే ఎక్కువ లీక్ చేస్తున్నట్లు ఈ కృషిలో వెల్లడి కావడం గమనార్హం.

తెలుగు పాఠకులకు ఇందులో ఒక ప్రత్యేక అనుభవం ఉన్నది. యూనికోడ్ వ్యాప్తి చెందక ముందు తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి తమ సొంత ఫాంటును వాడేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపుటకు ఫైర్‌ఫాక్స్‌లో ‘పద్మ’ అనే యాడ్-ఆన్ ఎంతగానో ఉపయోగపడింది. అటువంటి సాధనం పేజీలోని అక్షరాలను చదివి, మార్చి, తిరిగి వ్రాయవలసి ఉంటుంది. ఇది విలువైన సేవ అయినప్పటికీ పాత యంత్రంపై దాని భారం పడక తప్పదు. అవసరం తీరిన యాడ్-ఆన్‌లను తొలగించవలెనన్న సూచన వెనుక కారణం ఇదే.

ఇక తెలుగు పేజీలే బరువైనవన్న అభిప్రాయం కొందరిలో ఉన్నది. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు సంకేతం నెట్ ద్వారా వచ్చునప్పుడు 3 బైట్లు తీసుకోవడం, ఆంగ్ల అక్షరం ఒక్క బైటు తీసుకోవడం వాస్తవమే. అయితే ఇరవై వేల సంకేతాలు గల సుదీర్ఘ తెలుగు వ్యాసం కూడా 60 కిలోబైట్లకు మించదు. ఆ ప్రక్కన ఉంచిన ఒక్క ఫొటో అంతకు అనేక రెట్లు ఉంటుంది. భారం చిత్రాలది, స్క్రిప్టులది, ప్రకటనలది. మాతృభాషది కాదు.

ఒకే ఇల్లు – వేరు వేరు గదులు

2008 సెప్టెంబరులో గూగుల్ విడుదల చేసిన క్రోమ్ బ్రౌజర్ పేజీలను వేరు వేరు ప్రాసెస్‌లుగా నడిపే పద్ధతితో వచ్చింది. 2009 మార్చిలో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 కూడా ట్యాబ్‌లను విడదీసింది. ఫైర్‌ఫాక్స్ 2010లో ముందుగా ఫ్లాష్ వంటి ప్లగిన్‌లను వేరుచేసి, 2016 నుండి పేజీలను వేరుచేయసాగింది. ఈ పద్ధతిలో ఒక పేజీ కూలిపోయినా మిగిలినవి నిలుస్తాయి. ట్యాబ్ మూసిన వెంటనే దాని మెమరీ ముక్కలు కాకుండా మొత్తంగా తిరిగి వస్తుంది.

దీనికి చెల్లించవలసిన మూల్యం కూడా మెమరీయే. ఉమ్మడి ఇంట్లో వంటగది ఒకటి సరిపోతుంది, వేరు కాపురాలకు ఎన్ని గదులో అన్ని పొయ్యిలు కావాలి. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడిన తరువాత క్రోమ్ ఒక్కో వెబ్‌సైట్‌ను విడిగా ఉంచే కట్టుదిట్టమైన ఏర్పాటును అమలులోకి తెచ్చింది. ఇందువల్ల మెమరీ వినియోగం సుమారు 10 నుండి 13 శాతం పెరిగినట్లు గూగుల్ పేర్కొన్నది. కొత్త బ్రౌజర్ ఎక్కువ మెమరీ కోరుతున్నదంటే అందులో కొంత భద్రతకై చెల్లిస్తున్నదేనని గ్రహించవలసి ఉన్నది. 4 జీబీ లోపు ర్యామ్ గల యంత్రంలో ఈ మూల్యం భారంగానే పరిణమిస్తుంది.

స్తంభించిన పేజీని గుర్తించే విధానం

నీటిమట్టం చూపే పేజీలు తమంతట తాము కొంత సమయానికి ఒకసారి నవీకరించుకునేటట్లు తయారై ఉండవచ్చు. ఉదాహరణకు 5 నిమిషాలకు ఒకసారి అనుకుంటే గంటకు 12 సార్లు, రోజుకు 288 సార్లు. ప్రతిసారీ 2 ఎంబీ మాత్రమే తిరిగి రాకుండా మిగిలిపోయినా రోజుకు 576 ఎంబీ అవుతుంది. 1 జీబీ ర్యామ్ గల యంత్రం రెండవ రోజునే తడబడుతుంది. సాధారణ దినాల్లో సాయంత్రం కంప్యూటర్ ఆపివేయడం వల్ల ఈ లోపం బయటపడదు. వరద రోజుల్లో కంట్రోల్ రూమ్ రాత్రింబవళ్లు పనిచేస్తుంది, కంప్యూటర్ ఆపబడదు. యంత్రంపై ఆధారపడటం ఎప్పుడు అత్యధికంగా ఉంటుందో అప్పుడే అది విఫలమయ్యే అవకాశం కూడా అత్యధికంగా ఉంటున్నది.

కావున తెరపై నీటిమట్టం చూసిన ప్రతిసారి దాని ప్రక్కన ముద్రితమైన తేదీ, సమయాలను చూసి, గోడ గడియారంతో పోల్చవలెను. కంప్యూటర్ గడియారంతో పోల్చరాదు. మదర్‌బోర్డుపై ఉండే చిన్న బ్యాటరీ అయిపోయిన పాత యంత్రాల్లో తేదీ సంవత్సరాల వెనుకకు పోవడం తరచుగా జరుగుతుంది. పైగా తేదీ తప్పైనప్పుడు భద్రతా ధ్రువపత్రం చెల్లదంటూ సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు. నెట్ పనిచేయడం లేదని ఫిర్యాదు చేయడానికి ముందు తెర మూలనున్న తేదీని చూడటం వల్ల అనేక సందర్భాల్లో సమయం ఆదా అవుతుంది. ఆ బ్యాటరీ ఖరీదు కొద్ది రూపాయలే.

పేజీలో సమయం ముద్రించబడని పక్షంలో ఆ అంకెను ఫోన్ ద్వారా నిర్ధారించుకొనకుండా వార్తగా గాని, ఆదేశంగా గాని వెలువరించరాదు. పేజీపై మౌస్‌ను కదిపినా స్పందన లేకపోవడం, పై పట్టీలో ‘నాట్ రెస్పాండింగ్’ అని కనిపించడం స్తంభనకు గుర్తులు. అయితే పేజీ పైకీ క్రిందికీ కదులుతూనే, లోపలి స్క్రిప్టు మాత్రం ఆగిపోయే అవకాశం కూడా ఉన్నది. సమయాన్ని సరిచూడటమే నమ్మదగిన పరీక్ష అనడానికి కారణం ఇదే.

కంట్రోల్ రూమ్‌లలో ప్రతి షిఫ్టు మార్పిడి సమయంలో బ్రౌజర్‌ను పూర్తిగా మూసి తెరవడం అలవాటు చేసుకోవలెను. ట్యాబ్ మూయడం చాలదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలను కలిపి నొక్కినచో టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మూసిన తరువాత కూడా అందులో బ్రౌజర్ పేరు మిగిలి ఉంటే దానిని అక్కడి నుండి ఆపవలసి ఉంటుంది. ఏ పేజీ మెమరీని ఎక్కువగా తీసుకుంటున్నదో తెలుసుకొనుటకు క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కీలను నొక్కవచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో చిరునామా పట్టీలో ‘అబౌట్’, తరువాత రెండు చుక్కలు, ‘మెమరీ’ అని ఆంగ్లంలో టైపు చేస్తే వివరాలు లభిస్తాయి. నీటిమట్టం చూసే యంత్రంలో వీడియోలు, వార్తా ఛానళ్ల పేజీలు తెరవకుండా ఉండటం మరొక జాగ్రత్త. ఆచరణలో ఇది కష్టమని అందరికీ తెలిసినదే.

సుదీర్ఘ నివేదికలను, దరఖాస్తు వివరాలను నేరుగా వెబ్ పేజీలో టైపు చేయక, ముందుగా నోట్‌ప్యాడ్‌లో వ్రాసి భద్రపరచి, తరువాత అతికించడం ఉత్తమం. బ్రౌజర్ మూతపడినా శ్రమ వృథా కాదు. తెలుగులో వ్రాసేవారు ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవలెను. పాత విండోస్‌లో నోట్‌ప్యాడ్ సాధారణంగా ఆన్సీ పద్ధతిలో భద్రపరుస్తుంది. ఆ పద్ధతిలో తెలుగుకు స్థానం లేనందున ఫైలును మరల తెరిచినప్పుడు అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాలు మాత్రమే మిగులుతాయి. భద్రపరచు సమయంలో యూటీఎఫ్-8 ఎంచుకొనవలెను. హెచ్చరిక పెట్టె వచ్చినప్పుడు చదవకుండా ‘ఓకే’ నొక్కి రోజంతా చేసిన పనిని పోగొట్టుకోవడం సాధారణమైపోయింది.

జాగ్రత్తతో తీరని లోపం

పైన వివరించిన జాగ్రత్తలన్నీ స్థిరత్వానికి సంబంధించినవి. భద్రత వేరు విషయం. పాత యంత్రంలో బ్రౌజర్ కూలకుండా నడుస్తున్నంత మాత్రాన అది సురక్షితమని భావించరాదు. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. క్రోమ్ 2016లో, ఫైర్‌ఫాక్స్ 2018లో ఎక్స్‌పీని వదిలివేశాయి. విండోస్ 7కు సాధారణ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. దానిపై పనిచేసిన చివరి క్రోమ్ 2023 జనవరిలో వచ్చిన 109వ వెర్షన్. ఫైర్‌ఫాక్స్ 115 దీర్ఘకాలిక వెర్షన్‌కు మాత్రం గడువు పలుమార్లు పొడిగించబడింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్ 15న విరమించబడింది. విండోస్ 10 కూడా 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు గడువు దాటింది.

మద్దతు ముగియడమంటే యంత్రం ఆగిపోవడం కాదు. కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు రాకపోవడం. ప్రోగ్రామ్ భాగాలు మెమరీలో ఎక్కడ ఉన్నాయో దాడిచేసేవారికి తెలియకుండా ప్రతిసారీ చోటు మార్చే రక్షణ విండోస్ విస్టాతో వచ్చింది, ఎక్స్‌పీలో అది లేదు. మరమ్మతుల విలువ ఏమిటో 2017 మే నెలలో వాన్నక్రై దాడి చాటిచెప్పింది. ప్రపంచవ్యాప్తంగా ఆసుపత్రులు, కార్యాలయాలతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు సైతం దాని బారిన పడ్డాయి. ఆ దాడి బ్రౌజర్ ద్వారా కాక నెట్‌వర్క్ ద్వారా వ్యాపించినదన్న విషయం ఇక్కడ పేర్కొనవలసి ఉన్నది. అనగా బ్రౌజర్‌ను ఎంత జాగ్రత్తగా వాడినా, మరమ్మతులు లేని ఆపరేటింగ్ సిస్టమ్ మరొక ద్వారం తెరిచి ఉంచుతుంది. ధ్రువపత్రాలు, ఆధార్ వివరాలు, డిజిటల్ సంతకాలు, చెల్లింపులు నిర్వహించే పనికి అటువంటి యంత్రాన్ని వాడటం సమర్థనీయం కాదు. నీటిమట్టం చూసి చెప్పుటకు అది చాలవచ్చు, పౌరుల వివరాలు ఉంచుటకు చాలదు.

అదీగాక పాత యంత్రాలకు సురక్షిత వెబ్‌సైట్లే క్రమంగా దూరమవుతున్నాయి. నేటి వెబ్‌సైట్లు కోరే టీఎల్ఎస్ 1.2 సంకేతీకరణ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు తెలియదు. ఫైర్‌ఫాక్స్ తన సొంత సంకేతీకరణ వ్యవస్థను వెంట తెచ్చుకున్నందున మరికొంత కాలం నెట్టుకురాగలిగింది. 2021 సెప్టెంబరు 30న ఒక ప్రధాన మూల ధ్రువపత్రం గడువు ముగియడంతో నవీకరణ లేని ఎన్నో పాత యంత్రాల్లో అనేక వెబ్‌సైట్లు ఒక్కరోజులో తెరుచుకోకుండా పోయాయి.

యంత్రం మార్చే స్తోమత లేనిచోట

కొత్త కంప్యూటర్ వెంటనే లభించని చోట తేలికైన లైనక్స్ వ్యవస్థను అమర్చుకోవడం ఒక మార్గం. భారత ప్రభుత్వ సంస్థ సీ-డ్యాక్ రూపొందించిన బాస్ లైనక్స్ భారతీయ భాషల తోడ్పాటుతో లభిస్తున్నది. 64 బిట్ ప్రాసెసర్, కనీసం 4 జీబీ ర్యామ్ గల యంత్రాలకు ఈ మార్గం బాగా పనికివస్తుంది. తిరుగుడు హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ అమర్చినచో పైన చెప్పిన బల్ల, బీరువాల మధ్య దూరం ఎంతో తగ్గుతుంది. పాత యంత్రానికి తక్కువ ఖర్చుతో చేయగల మేలు ఇంతకు మించి లేదని చెప్పవచ్చు.

32 బిట్ యంత్రాలకు మాత్రం ఈ దారి కూడా మూసుకుపోతున్నది. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13 వాటిపై నేరుగా స్థాపించుకునే వీలును తొలగించింది. అదే సంవత్సరం ఫైర్‌ఫాక్స్ 145 నుండి 32 బిట్ లైనక్స్‌కు మద్దతు నిలిపివేయబడింది. అటువంటి యంత్రాన్ని నెట్ నుండి వేరుచేసి టైపింగ్, ముద్రణ పనులకు పరిమితం చేయవచ్చు. వరద సమాచారం కొరకు మద్దతు గల మొబైల్ ఫోన్‌నైనా ఉపయోగించడం మేలు. ఫోన్ తెరపై చూసినప్పటికీ అంకె ప్రక్కనున్న సమయాన్ని చూడవలసినదే. సిగ్నల్ లేని అటవీ గ్రామాల్లో ఫోన్ బ్రౌజర్ కూడా తన వద్ద భద్రపరచుకున్న పాత పేజీనే చూపే వీలున్నది.